నా కింది పెదవి మీద మకాం వేసిన మచ్చ గారికి

మహారాజశ్రీ మచ్చ గారికి నమస్కారములు. ఉభయకుశలోపరి అని రాద్దామంటే, కుశలంగా ఉన్నది మీరొక్కరే.

మన పరిచయానికి మూలం మా మేనమామ కూతురి పెళ్లిలో గుత్తొంకాయ. మర్నాడు సందు చివరి మెడికల్ షాపుకి పొట్ట పట్టుకుని వెళ్లి, "మోషన్స్‌కి ఏదన్నా ఇవ్వు తమ్ముడూ" అన్నాను. కుర్రాడు కత్తెర తీసి షీటులోంచి నాలుగు మాత్రలు కోసిచ్చాడు. మందు పేరు సగం అతని డబ్బాలోనే ఉండిపోయింది, నా ముక్క మీద "...డజోల్" మిగిలింది. పక్కనే నిలువునా ఓ ఎర్ర గీత. డాక్టరు చీటీ లేకుండా వాడొద్దని దానర్థమట. నేను డిజైననుకున్నాను.

అప్పుడు మీరు ముఖం చూపలేదు. ఆర్నెల్లకి మళ్లీ అదే పొట్ట, అదే కత్తెర. మింగిన రెండు గంటలకి పెదవి చురుక్కుమంది. తెల్లారేసరికి పావలాకాసంత, వంగపండు రంగులో వెలిశారు. పురుగు పాకిందని అమ్మ వెన్న రాసింది. ఆఫీసులో "సిగరెట్లు ఎప్పట్నుంచి?" అన్నారు. మా ఆవిడ ఏమీ అనలేదు. నాకు భయమేసింది అందుకే.

మూడోసారి వేరే ఊరు, వేరే షాపు, వేరే మాత్ర. ముందు రెండుసార్లూ మింగింది ఆర్నిడజోల్ అని తర్వాత తెలిసింది, ఇది టినిడజోల్. అయినా వెంట్రుకవాసి తేడా లేకుండా అక్కడే దిగారు. మందునే కాదు, దాని తమ్ముణ్ణీ గుర్తుపట్టారన్నమాట! పైగా తోడు ఇంకొకర్ని తెచ్చారు. వారిని ఎక్కడ దించారో బహిరంగ లేఖలో రాయలేను.

చర్మం డాక్టరమ్మ "ఏం మాత్ర వేసుకున్నారు?" అంటే "తెల్లగా, పొడుగ్గా ఉంటుందండీ" అన్నాను. ఆవిడ నిట్టూర్చి, నా జేబులోని షీటు ముక్కల్ని బల్ల మీద పేర్చి మరీ మీ ఇంటిపేరు చెప్పింది: ఫిక్స్‌డ్ డ్రగ్ ఎరప్షన్, అంటే పడని మందు వేసుకున్నప్పుడల్లా అదే చోట లేచే మచ్చ. మీరు నల్లబడి నిద్ర నటిస్తారట గానీ, లోపల టి-కణాలు, అంటే ఒంటిని కాపాడే రక్షణ కణాలు, కాపలా కాస్తూనే ఉంటాయట. మందు రక్తంలోకి రాగానే లేచి, మా చర్మకణాల మీదే పడతాయట.

మీ దాయాదుల సంగతీ చెప్పింది. 1922లో స్టీవెన్స్, జాన్సన్ అనే అమెరికా డాక్టర్లు ఇద్దరు పిల్లల్లో చూసి రాసిన జబ్బు ఒకటుందట. సల్ఫా మందులు పడని కొందరికి వస్తుందట. జ్వరం, నోట్లో పుండ్లు, కళ్ల మంట, ఆనక చర్మం పొరలుగా ఊడిరావడం. అలాంటి సూచన కనిపిస్తే మాత్ర ఆపి ఆస్పత్రికి పరుగెత్తమంది. అది విన్నాక మీరు మర్యాదస్తులే అనిపించారు.

నిన్న పన్ను పోటెక్కి అదే షాపుకెళ్లాను. కుర్రాడు కత్తెర తీశాడు. ఈసారి షీటు లాక్కుని పేరు పూర్తిగా చదివాను: మెట్రోనిడజోల్. "ఇది నాకు పడదు తమ్ముడూ, ఇదిగో" అని మీ వైపు వేలు చూపించాను.

"అది సిగరెట్టుది కదంకుల్" అన్నాడు.

ఇట్లు,
అద్దె ముట్టని మీ ఇంటి ఓనరు