66 గజాల బొంద

మా ఊళ్లో మనిషిని పలకరించే పద్ధతి మారి చాలా రోజులైంది. ఇదివరకు "తిన్నవా?" అని అడిగేవాళ్లు. ఇప్పుడు "ప్లాటు కొన్నవా?" అంటున్నారు. హన్మకొండ చౌరస్తాలో చాయ్ తాగుతున్నా, పెండ్లి విందులో చేతులు కడుక్కుంటున్నా, ఆఖరికి పెద్దదినం భోజనాల బంతిలో కూర్చున్నా ఇదే ప్రశ్న. నలభై దాటినా కిరాయి ఇంట్లోనే ఉండే నాలాంటివాడు అప్పుడు చెప్పుల వైపు చూసుకోవడం తప్ప చేయగలిగింది ఉండేది కాదు.

ఉండేది కాదు అంటున్నాను, గమనించగలరు. పోయిన నెల నేను కూడా ఒక కట్టడం పూర్తి చేశాను. పునాది నుంచి పైకప్పు దాకా నా చేతులతోనే కట్టాను. మేస్త్రీకి అడ్వాన్సు ఇవ్వలేదు, ఇసుక లారీ కోసం తెల్లవారుజామున రోడ్డు మీద నిలబడలేదు. అది ఒక సమాధి. పొడవు ఆరు ఇంచులు, వెడల్పు నాలుగు.

పెద్దమనుషులు నవ్వే ముందు సంగతి వినాలి. బొమ్మల సైన్యాలతో బల్ల మీద ఆడే యుద్ధాలున్నాయి. సైనికుడి ఎత్తు 28 మిల్లీమీటర్లు, అంటే బొటనవేలి చివర నుంచి మొదటి కణుపు దాకా. టేపు పట్టి ఇంచులు కొలిచి వాళ్లను నడిపించాలి, పాచికలు వేసి చంపాలి. ఇది పిల్లలాట అనేవాళ్లకు ఒక మాట: 1824లోనే ప్రష్యా సైన్యం తన అధికారులకు ఇలాంటి బల్ల మీది యుద్ధంతో శిక్షణ ఇవ్వడం మొదలుపెట్టింది. మా ఇంట్లో ప్రష్యా అధికారులు లేరు. మా బామ్మర్ది ఒక్కడే ఉన్నాడు. వాడిది అస్థిపంజరాల సైన్యం.

చిక్కంతా అక్కడే వచ్చింది. అస్థిపంజరాలు ఎక్కడినుంచి రావాలి? మా డైనింగ్ టేబుల్ చదునుగా, నున్నగా ఉంటుంది. నా విలుకాళ్లు ఆవకాయ జాడీ వెనక దాక్కుంటున్నారు. శత్రువులు చారు గిన్నె మూత కింద నుంచి లేచి వస్తున్నారు. యుద్ధానికి ఒక మర్యాద ఉండాలి కదా. చాటు కావాలి, నేపథ్యం కావాలి, చచ్చినవాళ్లు లేచి రావడానికి తగిన ద్వారం కావాలి. విదేశాల్లో ఇవి అచ్చుపోసి అమ్ముతారట. పార్సిల్ ఖర్చుతో కలిపి ధర చూశాను. ఆ డబ్బుతో అసలు సమాధే కట్టుకోవచ్చనిపించి ఆ వెబ్‌సైటు మూసేశాను.

స్టేషనరీ షాపుకు వెళ్లి ఫోమ్ బోర్డు అడిగితే షాపాయన నా తల నెరుపు చూసి, "ఏ క్లాసు ప్రాజెక్టు సార్?" అన్నాడు. "ఐదో తరగతి," అన్నాను. నిజం చెబితే ఏమవుతుందో ఆ సాయంత్రం ఇంట్లో తెలిసింది. మా అమ్మ బల్ల మీద పరిచిన ముక్కలు చూసి, "ఏం కడుతున్నవ్ కొడుకా?" అంది. చెప్పాను. "ఇంట్ల బొందలగడ్డ పెడ్తవారా?" అని ఆమె అన్న తీరుకు పై వాటాలో ఉన్న ఓనరుకు కూడా వినపడింది. మర్నాడు ఆయన మెట్ల మీద ఆపి, "సార్, గట్లాంటివి ఇంట్ల కడితే రేపు ఈ పోర్షనుకు కిరాయికి ఎవలస్తరు?" అని అడిగాడు. మూడేళ్లుగా కురుస్తున్న బాత్రూం గురించి ఆయనకు ఇంత ఆందోళన ఎప్పుడూ కలగలేదు.

అయినా పని ఆగలేదు. ఫోమ్ బోర్డు మీది కాగితాన్ని కాస్త తడిపి ఒలిచేయాలి. లోపలి నురగ మెత్తగా, గోరు తగిలితే గాటుపడేట్టు ఉంటుంది. దాని మీద రీఫిల్ అయిపోయిన బాల్‌పెన్నుతో రాళ్ల వరసలు గీయాలి. ఆ తర్వాత వంటింట్లో రొట్టెలు చుట్టే అల్యూమినియం రేకును ఉండగా నలిపి గోడ మీద అద్దుతూ పోవాలి. అంతే, నున్నటి ఫోమ్ కాస్తా సుత్తె దెబ్బలు తిన్న బండరాయి అయిపోతుంది. తలుపుకు ఐస్‌క్రీం పుల్లలు, ఇనుప ఊచలకు కాలిపోయిన అగరుబత్తి పుల్లలు. పైకప్పు అతికించకూడదు. ఎత్తి పక్కన పెట్టగలిగితేనే లోపల అస్థిపంజరాలను నిలబెట్టొచ్చు.

ఇక్కడ బామ్మర్దికీ నాకూ అభిప్రాయభేదం వచ్చింది. వాడికి యూరప్ ఫక్కీలో పుర్రెలు, మొనదేలిన కమాన్లు కావాలి. నేనేమో మన ములుగు జిల్లా తాడ్వాయి అడవుల్లో, దామరవాయి దగ్గర ఉన్న రాకాసి గూళ్లు చూపించాను. నాలుగు బండలు నిలబెట్టి పైన ఒక పెద్ద బండ పరిచేశారు. ఇనుపయుగం నాటి సమాధులవి, ఇప్పటికీ కురవడం లేదు. "బావా, పోనీ ముందర కాకతీయ తోరణమన్నా పెడ్దాం" అన్నాడు వాడు. ఆలోచించాను. కాలనీ గేటుకు తోరణం, ఫంక్షన్ హాలుకు తోరణం, ఆఖరికి వెంచర్ బ్రోచరుకూ తోరణం. చచ్చినవాణ్ణైనా వదిలేద్దామన్నాను.

తర్వాత జరిగింది చెప్పడానికి నాకు ఇష్టం లేదు గానీ పారదర్శకత ముఖ్యం. గోడలు నిలబెట్టాక బూడిద రంగు స్ప్రే డబ్బా తెచ్చాను. అమ్మినతను "దేనిమీదైనా కొట్టుకోండి సార్" అన్నాడు. కొట్టాను. స్ప్రేలో ఉండే ద్రావకానికి ఈ నురగ అంటే ఎంత ఆకలో నాకప్పుడు తెలియదు. ఉత్తరం గోడ పొగ లేకుండా, చప్పుడు లేకుండా, మంట మీద పెట్టిన అప్పడంలా ముడుచుకుని కుంగిపోయింది. నాలుగు ఇంచుల గోడ రెండు నిమిషాల్లో ఇంచున్నర అయింది. ప్రారంభోత్సవానికి ముందే కూలిన కట్టడాల జాబితాలో నాదీ చేరింది. వెంటనే విచారణ కమిటీ వేశాను. సభ్యుడు, అధ్యక్షుడు నేనే. తప్పు వాతావరణానిదని నివేదిక ఇచ్చి, కాంట్రాక్టు మళ్లీ అదే కాంట్రాక్టరుకు అప్పగించాను.

రెండోసారి స్ప్రే జోలికి పోలేదు. ఫెవికాల్‌లో నల్ల అక్రిలిక్ రంగు కలిపి కుంచెతో రెండు పూతలు వేశాను. అది ఆరితే పైన తోలు కట్టినట్టు గట్టిపడుతుంది. ఆపైన బూడిద రంగు. కుంచెను రంగులో ముంచి, పాత బనీనుకు దాదాపు పొడిబారేదాకా తుడిచి, గోడ మీద అలా అలా ఆడించాలి. ఉబ్బుగా ఉన్న అంచులు మాత్రమే తెల్లబడతాయి, గీతల్లో నలుపు నలుపుగానే మిగులుతుంది. ఆ పైన నీళ్లలా పల్చటి గోధుమ రంగు వదిలితే సందుల్లోకి పాకి మురికి పట్టినట్టు నిలుస్తుంది. పది నిమిషాల్లో గోడకు మూడొందల ఏళ్లు వస్తాయి. మా కాలనీ రోడ్డుకైతే దీనికి ఒక వానాకాలం పడుతుంది. చివరగా వాడేసిన చాయ్‌పత్తా ఎండబెట్టి గోడల మొదట్లో చల్లాను, రాలిన ఆకుల్లా ఉంటుందని. ఆ ఎండబెట్టిన పళ్లెం ఎవరిదన్న విషయంలో మా ఆవిడతో చర్చలు ఇంకా నడుస్తున్నాయి.

తేలికపాటి సరుకుతో కట్టావని ఎగతాళి చేసినవాళ్లకు నాదొక్కటే జవాబు. 1213లో రేచర్ల రుద్రుడు మొదలుపెట్టించిన రామప్ప గుడి శిఖరానికి వాడిన ఇటుకలు నీళ్లలో తేలుతాయి. నా సమాధీ తేలుతుంది. వాళ్లకు సుమారు 40 ఏళ్లు పట్టిందంటారు, నాకు 40 రోజులు. వాళ్లకు 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. నేను తొందరపడటం లేదు.

ఇక వాస్తు. మా ఆఫీసులో ఒకాయన కంపాసు జేబులో పెట్టుకునే తిరుగుతాడు. ఫోన్‌లో ఫొటో చూసి అదిరిపడ్డాడు. "దక్షిణం వాకిలి పెట్టినవ్! ఇంటి పెద్దకు గండం!" అన్నాడు. ఇంటి పెద్ద ఆల్రెడీ లోపలే ఉన్నాడని మనవి చేశాను. పైగా దక్షిణం యముడి దిక్కు కాబట్టి ఆయనకు రాకపోకలు కూడా సులువు. ఆయన కాసేపు ఆలోచించి, "ఈశాన్యంల బోరన్నా ఎయ్యి" అన్నాడు.

అనుమతుల సంగతి కూడా చూసుకున్నాను, రేపు ఎవరూ అక్రమ కట్టడం అనకూడదు. మా ఆటలో కొలత సుమారు అరవయ్యో వంతు. ఆ లెక్కన నా ఆరు ఇంచులు ముప్పై అడుగులు, నాలుగు ఇంచులు ఇరవై అడుగులు. 600 చదరపు అడుగులు, అంటే 66 గజాల పైచిలుకు. మన రాష్ట్రంలో 75 గజాల లోపు స్థలంలో ఇల్లు కట్టుకుంటే పర్మిషన్ అక్కర్లేదు, రూపాయి కట్టి ఆన్‌లైన్‌లో రిజిస్టర్ చేసుకుంటే చాలు. అది నివాస భవనాలకే కదా అంటారేమో. ఇందులో ఉండేవాడికంటే స్థిర నివాసి నాకు ఎవరూ కనిపించడం లేదు. ఖాళీ చేయడు, కిరాయి ఎగ్గొట్టడు, పై వాటాకు నీళ్లు రావడం లేదని అడగడు.

ఇప్పుడు చౌరస్తాలో ఎవరైనా ప్లాటు గురించి అడిగితే తలెత్తి చెబుతున్నాను, 66 గజాలు, కట్టడం కూడా అయిపోయిందని. "ఏ సైడు?" అంటారు. "దక్షిణం ఫేసింగ్," అంటాను. "రేటు తగ్గించి ఇచ్చిండా?" అని ఆశగా అడుగుతారు.

మొన్న ఆదివారం ఆట మధ్యలో అమ్మ వచ్చి బల్ల పక్కన నిలబడింది. నెల రోజులుగా ఆ వైపు చూడనిది, అద్దాలు సర్దుకుని పైకప్పు ఎత్తి లోపలికి తొంగి చూసింది.

"ఎవలున్నర్రా లోపట?"

"ఎవరో పాత రాజు అమ్మా."

చాలాసేపు చూసింది. "రాజంటవు, గింత ఇరుకుల పండవెడ్తవా? కాళ్లు సాపనీకె జాగ లేదు. ఒక్క ఇంచన్నా ఎడల్పు చెయ్యరాదు?"

బామ్మర్ది నా మొహంలోకి చూశాడు. నేను పాచికలు పక్కన పెట్టి కాల్‌క్యులేటర్ తీశాను. ఒక్క ఇంచు పెంచితే 83 గజాలు దాటుతోంది. ఇక రూపాయితో పోదు, ప్లాను పెట్టాలి.