నల్లపువ్వు లేని లోటు

విశాఖకు మెట్రో ఇంకొన్నాళ్లు ఆలస్యమైనా ఫర్వాలేదు గాని, నల్ల కాలా లిల్లీ పూలమొక్కలో కొత్తరకం పుట్టించడం మాత్రం ఇక ఆగడానికి వీల్లేదని మా అపార్ట్‌మెంటు డాబా తోటల సంఘం తీర్మానించింది. సభ్యులంతా పదవీ విరమణ చేసినవారే కనుక తీర్మానం ఏకగ్రీవం.

నేనూ సంఘం పక్షమే. ఈ మొక్కకు లిల్లీతో చుట్టరికం లేదు. దక్షిణాఫ్రికా నుంచి వచ్చింది, మన కందకూ చేమకూ దాయాది. మనం పువ్వని మురిసిపోయేది రంగు పూసుకున్న ఆకు. అసలు పూలు లోపలి కాడకు కంటికి ఆననంత చిన్నవిగా అంటుకుని ఉంటాయి. ఇక నలుపంటారా, నల్ల కాలాగా అమ్ముడయ్యేవన్నీ ముదురు మెరూన్లే. ‘బ్లాక్ మ్యాజిక్’ రకమైతే నిక్షేపంగా పసుపు రంగులో ఉండి, గొంతులో మాత్రం నల్లమచ్చ దాచుకుంటుంది. బాత్‌రూము వెంటిలేటర్లోంచి మెడ సాచితే నీలిగీత కనబడే ఫ్లాటును ‘సముద్రాభిముఖం’ అని అమ్మగలిగిన విశాఖ శివారు మధురవాడకు ఇంతకన్నా ఈడైన మొక్క ఎక్కడ దొరుకుతుంది?

పై అంతస్తు మాస్టారు శాస్త్రప్రకారమే పోతున్నారు. రంగు ఆకు విచ్చుకోగానే కాడ కింది భాగంలోని ఆడపూలు సిద్ధమవుతాయి. పైనున్న మగపూల పుప్పొడి తర్వాత గాని రాలదు. అందుకని ఒక మొక్క పుప్పొడిని మనవరాలి కుంచెతో దులిపి, పొట్లం కట్టి, ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పక్కన దాచి, వేరొక మొక్కకు అద్దుతారు. కాయ పండి, గింజ నాటాక పువ్వు ముఖం చూడటానికి రెండు మూడేళ్లు. అప్పుడు కూడా ఒకటో రెండో ఉంచుకుని తక్కినవన్నీ పారేయాలి. పోనీ తెల్ల కాలాకూ రంగు కాలాకూ సంబంధం కలుపుదామంటే, పిల్లమొక్కలు పత్రహరితం లేక పాలిపోయి చనిపోతాయి. అంత పట్టింపు మన పెళ్లిళ్ల పేరయ్యలు కూడా చూసి ఉండరు.

పండ్ల గుజ్జు కడిగిన రోజు మాస్టారికి మోచేతుల దాకా దురద. కంద వంశం కదా, మొక్క ఒళ్లంతా దురదపెట్టే ఆగ్జలేట్ స్ఫటికాల సూదులే. ‘‘ఏమండీ, కందకు లేని దురద కత్తిపీటకెందుకు?’’ అని గుమ్మంలోంచి వాళ్లావిడ అడిగారు. మాస్టారు జవాబు చెప్పలేదు, గోక్కుంటున్నారు. అంతకుముందు ఆ ఆకులను చేమాకులనుకుని పులుసు పెడతానన్నది కూడా ఆవిడే. పెట్టి ఉంటే ఇంటిల్లిపాదికీ నాలుకలు వాచేవి.

పాతనగరం మిత్రుడొకాయన ఇదంతా విని నవ్వాడు. తెల్ల మల్లెకుండీ డాబా మీద పెడితే రేవు నుంచి వచ్చే బొగ్గుధూళికి దానంతటదే నల్లబడుతుంది, సంకరం ఎందుకని ఆయన వాదన. ఆ నలుపు వంశపారంపర్యం కాదు, నీళ్లు చల్లితే పోతుంది కనుక సంఘం దాన్ని తిరస్కరించింది. ఊపిరితిత్తుల్లో చేరింది నీళ్లకు పోదు గాని, అది ఉద్యానశాఖ పరిధిలోకి రాదు.

ఈ మొక్కకు చల్లని రాత్రులు కావాలి, అరకులోనో లంబసింగిలోనో పెంచితే పోలేదా అని ఒక కుర్రాడు అడిగాడు. అతణ్ణి మందలించి కూర్చోబెట్టారు. పెరిగేచోట పెంచడంలో ఘనత ఏముంది? ఇక్కడి ఉక్కలో, తడిలో పెక్టోబాక్టీరియం అనే సూక్ష్మజీవి దుంపలో చేరిందంటే దుంప జావైపోతుంది, కంపు లిఫ్టు దాకా వస్తుంది.

అయినా మాస్టారు రిజిస్ట్రేషన్ కాగితాలు సిద్ధం చేశారు. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం ప్రకారం కొత్తదనం, విశిష్టత, ఏకరూపత, స్థిరత్వం చూపాలి. ముసాయిదా నేను చదివాను. కొత్తదనం: డాబా మీద ఇంత డబ్బు ఇదివరకు ఎవరూ పోయలేదు. విశిష్టత: నీడలో నలుపు, ఎండలో మెరూన్, ట్యూబులైటు కింద వంకాయ. ఏకరూపత: అన్ని దుంపలూ ఒక్కసారే కుళ్లుతాయి. స్థిరత్వం: ఏటా కుళ్లుతాయి. రకం పేరు రాయాల్సిన గడి ఒక్కటే ఖాళీగా ఉంది. దానికోసం మధురవాడ బిల్డరు ఒకాయనతో మాట్లాడుతున్నారు.