సోయా పెరుగు గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ సోయా పెరుగు గారికి,

హనుమకొండ నుండి ఒక గృహిణి నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. తమరి క్షేమం మా మిక్సీ మీద, మా పొయ్యి మీద, నా ఓపిక మీద ఆధారపడి ఉన్నది గనుక ప్రత్యేకంగా అడగడం లేదు.

తమరు మా ఇంటికి పిలవకుండా వచ్చారని నేననను. హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న మా పెద్దబ్బాయి ఉన్నట్టుండి వీగన్ అయ్యాడు. దూడ నోరు కొట్టి తాగలేనని చెప్పి పాలు, పెరుగు, నెయ్యి మానేశాడు. మంచి మాటే, కాదనడానికి మేమెవరం? అయితే పెరుగన్నం లేకుండా భోజనం ముగించడం మాత్రం వాడికి చేతకాలేదు. ఆ సందులోంచి తమరు మా వంటింట్లో అడుగుపెట్టారు. అప్పటినుంచి ఈ ఇంట్లో తమరికి జరుగుతున్న మర్యాదలు కొత్తల్లుడికి కూడా జరిగి ఉండవు.

గేదె పెరుగుకు మా అత్తమ్మ చేసే సేవ ఎంతో తమరు పక్క గిన్నెలోంచి చూస్తూనే ఉన్నారు. కాచిన పాలలో వేలు ముంచి వేడి చూస్తుంది, పాత పెరుగు ఒక చెంచాడు కలుపుతుంది, మూత పెట్టి వెళ్లి పడుకుంటుంది. తమరికలా కుదరదు. ముందు రోజు రాత్రే గింజలను నానబెట్టాలి, ఎండాకాలమైతే నడిరాత్రి లేచి నీళ్లు మార్చాలి, పొద్దున్నే పిసికి పొట్టు తీయాలి. కడుపుబ్బరం తెచ్చే రాఫినోజ్, స్టాకియోజ్ అనే చక్కెరలు కొంతైనా ఆ నీటితో పోతాయి గనుక నానిన నీళ్లను పారబోయాలి. చన్నీళ్లు పోసి రుబ్బితే గింజ నలిగిన క్షణంలోనే లైపాక్సిజనేజ్ అనే ఎంజైమ్ గాలి సాయంతో అందులోని నూనె మీద పని మొదలుపెట్టి ఇల్లంతా పచ్చి వాసన లేపుతుంది. దాని నోరు మూయించాలంటే మరిగే నీళ్లు పోసే రుబ్బాలి. ఆ ఆవిరికి మిక్సీ మూత ఎగిరిపడుతుంది. అందుకని మూత మీద మడత పెట్టిన తువ్వాలు వేసి, అరచేత్తో గట్టిగా అదిమి, మొహం పక్కకు తిప్పుకుని మీట తిప్పుతాను. ఆ సమయంలో ఎవరైనా గుమ్మంలోకి వస్తే బాంబు పేలుస్తున్నాననుకుని వెనక్కి వెళ్లిపోతారు.

గ్లాసు గింజలకు ఆరేడు గ్లాసుల నీళ్లతో రుబ్బినదాన్ని పల్చటి బట్టలో పిండగా మిగిలే పిప్పి గురించి ఫిర్యాదు లేదు. దాన్ని బియ్యప్పిండిలో కలిపి సర్వపిండి చేస్తే ఇంట్లో ఎవరూ గుర్తుపట్టలేదు. చెప్పవలసి వస్తే, తమరి వంశంలో ఇంతవరకు ఈ ఇంటికి కలిసొచ్చింది ఆ పిప్పి ఒక్కటే.

తమరి కపటం బయటపడేది పొయ్యి మీద. పాలు ఇంకా మరగకముందే మరిగినట్టు నటిస్తూ నురగ ఒక్కసారిగా అంచుదాకా పొంగుతుంది. అది చూసి దించేవారు మోసపోతారు, ఎందుకంటే జీర్ణాన్ని అడ్డుకునే ట్రిప్సిన్ నిరోధకాలు పోవాలంటే అసలు మరుగు వచ్చాక కూడా పదిహేను ఇరవై నిమిషాలు కలుపుతూ నిలబడవలసిందే. ఇంత కాచినా పైన మీగడ కట్టదు. పల్చటి పొర కడుతుంది. దాన్ని చైనా, జపాను దేశాల్లో ఎండబెట్టి వండుకుని తింటారట. మా ఇంట్లో అది గరిటెకు చుట్టుకుంటుంది.

ఇక తోడు సంగతి. గేదె పెరుగు చుక్క వేసినా మా అబ్బాయి వ్రతం భంగమవుతుంది. కాబట్టి పచ్చిమిరపకాయల తొడిమలే గతి. వాటి మీద ఉండే లాక్టిక్ బ్యాక్టీరియా మెల్లగా పులియబెడుతుంది. ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాలు దిగే ఊళ్లో తొడిమలకు కొదువేముంది? కానీ మొదటి విడత జారుగా వస్తుంది, దానితో వేసిన రెండో విడతే నిలబడుతుంది. ఆ బ్యాక్టీరియా తినడానికి పాలలో ఉండే లాక్టోజ్ అనే చక్కెర తమరిలో లేదు గనుక లీటరుకు ఒక చెంచాడు చక్కెర లంచం కూడా ముట్టజెప్పాలి. ఇన్ని చేశాక తమరు పుల్లగా మారకముందే గడ్డకట్టి కూర్చుంటారు. తమరి మాంసకృత్తులు కాస్త ఆమ్లం తగలగానే బిగుసుకుంటాయి. గిన్నె వంచితే కదలదు, నోట్లో వేసుకుంటే పులుపు ఉండదు. మా అత్తమ్మ ఒక్క ముద్ద తిని, ‘గిదేం పెరుగు బిడ్డా, పచ్చి చిక్కుడుగింజల వాసనొస్తున్నది’ అని పళ్లెం పక్కకు జరిపింది. జొన్న గటుకలోకి సల్ల చేద్దామని కవ్వం పెడితే వెన్న జాడ లేదు.

తోడుకోవడానికి తమరు కోరే వేడి 40 నుండి 43 డిగ్రీలు. మే నెలలో ఓరుగల్లు మధ్యాహ్నానికి ఆ మాత్రం వేడిని ఏ యంత్రమూ లేకుండానే ఇస్తాం, దానికి కృతజ్ఞత లేదు. డిసెంబరు రాత్రుళ్లలో మాత్రం తమరిని దుప్పటిలో చుట్టి బియ్యం డబ్బాలో పడుకోబెట్టాలి.

తమరి గొప్పల గురించి కూడా ఒక మాట. 1910 ప్రాంతంలోనే పారిస్ దగ్గర లీ యూయింగ్ అనే చైనా పండితుడు సోయా పాల ఫ్యాక్టరీ నడిపాడు. 1935లో వార్ధాలోని మగన్‌వాడి ఆశ్రమంలో గాంధీజీ తన సహచరులకు సోయా వడ్డించి ఆ సంగతులను ‘హరిజన్’ పత్రికలో రాశారు, ఆ వార్ధా మన కాజీపేటలో బండెక్కి బల్హార్షా దాటితే వస్తుంది. వార్ధాకు ఇవతల, మన ఆదిలాబాదు నల్లరేగళ్లలో జూన్‌లో విత్తి దసరా ప్రాంతంలో కోసేదీ తమరి గింజే. 2025-26లో దాని మద్దతు ధర క్వింటాలుకు 5,328 రూపాయలు, అంటే కిలో 53 రూపాయల పైచిలుకు. ఆ కిలోతో ఇంట్లో ఆరేడు లీటర్ల పాలు తీయవచ్చు. పండించిన ఊళ్లో అది నూనె మిల్లుకు, మిగిలిన చెక్క కోళ్ల దాణాకు పోతుంది. అదే గింజ నగరంలో డబ్బాలోకెక్కి ఆరోగ్యమని పేరు పెట్టుకోగానే కోడి తినేదానికి మనిషి ఎన్నో రెట్లు చెల్లిస్తాడు. మాంసకృత్తుల మాట నిజమే. కానీ గేదె పాలంత కాల్షియం తమరిలో లేదు, బి12 విటమిన్ అసలే లేదు. ఆ లోటు తీర్చడానికి మా అబ్బాయి మాత్రలు వేరే కొంటున్నాడు.

ఇంతకూ నా బాధ తమరితో కాదేమో. గేదె మీద దయ చూపినవాడు హైదరాబాదులో ఉన్నాడు, ఆ దయకు గింజలు రుబ్బుతున్నది హనుమకొండలో నేను. గేదెకు విశ్రాంతి దొరికింది, సంతోషం. ఆ పని ఎవరి మీద పడిందో వాడు లెక్క చూసుకోలేదు. కనుక వచ్చే శనివారం వాడు ఇంటికి వచ్చినప్పుడు మిక్సీ, వడగట్టే బట్ట, తొడిమల పొట్లం, తువ్వాలుతో సహా తమరిని వాడికి అప్పగిస్తున్నాను. ఇకమీదట ఉత్తర ప్రత్యుత్తరాలు వాడితోనే జరపగలరు.

ఇట్లు,
తమరి మాజీ సేవకురాలు