పోర్షియా వుడ్‌మన్ ట్రైలన్నీ పసికూనల మీదేనా?

మహిళల రగ్బీ మాట వచ్చినప్పుడల్లా న్యూజిలాండ్ వింగర్ పోర్షియా వుడ్‌మన్-విక్లిఫ్ గురించి ఒకే రకం వాదన చక్కర్లు కొడుతుంటుంది. ఆమె రికార్డులన్నీ పసికూన జట్ల మీద కొట్టినవేనట. వింగర్ పనేముంది, మిగతావాళ్లు కష్టపడి తెచ్చిన బంతి పట్టుకుని అంచు వెంట పరుగెత్తడమేనట. తండ్రి ఆల్ బ్లాక్ (న్యూజిలాండ్ పురుషుల రగ్బీ జట్టు ఆటగాడు) కాబట్టి దారి ముందే సిద్ధంగా ఉందట. 2018 గాయంతో ఆమె పని అయిపోయిందట, 2022 ప్రపంచకప్ ఫైనల్‌ను ఆమె లేకుండానే గెలిచారట. ధీమాగా చెప్పేస్తారు కాబట్టి వినడానికి నిజంలాగే ఉంటుంది. స్కోర్లు పక్కన పెట్టుకుని చూద్దాం.

పసికూనల సంగతి ముందు. 2017 ప్రపంచకప్‌లో హాంకాంగ్‌పై న్యూజిలాండ్ 121–0తో గెలిచింది, అందులో వుడ్‌మన్ ఒక్కతే 8 ట్రైలు చేసింది (ట్రై అంటే బంతిని అవతలి జట్టు గోల్ గీత దాటించి నేలకు తాకించడం). హాంకాంగ్‌కు అదే తొలి ప్రపంచకప్. ఆ మ్యాచ్‌ను లెక్కలోంచి తీసేయమంటే తీసేద్దాం, నాకేం అభ్యంతరం లేదు. ఆ టోర్నీలో ఆమె మొత్తం ట్రైలు 13. మిగిలిన ఐదింటిలో నాలుగు అమెరికాపై సెమీఫైనల్‌లో వచ్చాయి. 1991లో మొట్టమొదటి మహిళల ప్రపంచకప్ గెలిచిన దేశం అమెరికా. దాన్ని పసికూన అనడానికి కాస్త ధైర్యం కావాలి. 8 ట్రైల మ్యాచ్‌ను అందరూ గుర్తుపెట్టుకుని 4 ట్రైల సెమీస్‌ను మరిచిపోవడం విచిత్రమే.

అంతకంటే మంచి ఉదాహరణ 2022 ప్రపంచకప్ తొలి మ్యాచ్. ఆక్లాండ్‌లోని ఈడెన్ పార్క్, సొంత ప్రేక్షకులు, ఎదురుగా ఆస్ట్రేలియా. చూస్తుండగానే న్యూజిలాండ్ 0–17తో వెనకబడింది. స్టాండ్స్‌లో టెన్షన్ ఏ స్థాయిలో ఉండుంటుందో ఊహించుకోవచ్చు. ఆ స్థితి నుంచి తేరుకుని 41–17తో గెలిచారు. ఆస్ట్రేలియాకు ఆ తర్వాత ఒక్క పాయింటు కూడా రాలేదు. ఆ మ్యాచ్‌లో వుడ్‌మన్ హ్యాట్రిక్ చేసింది. అదే టోర్నీలో వేల్స్‌తో క్వార్టర్‌ఫైనల్‌లో ఆమె ప్రపంచకప్ ట్రైలు 20కి చేరాయి, ఇంగ్లండ్ క్రీడాకారిణి సూ డే పేరిట ఉన్న 19 ట్రైల రికార్డు దాటిపోయింది. మ్యాచ్ జరిగింది ఫాంగరేలో, ఆమె పుట్టిన కైకోహే ఉన్న నార్త్‌ల్యాండ్ ప్రాంతంలోనే.

వింగర్‌కు పరుగు తప్ప పనిలేదన్న మాట దగ్గర కొంచెం ఆగాలి. ఆట తెలిసినవాళ్లు కూడా ఇది నమ్ముతుంటారు. పదిహేను మంది జట్టులో 11, 14 నంబర్లు వేసుకుని రెండు అంచుల్లో ఉండేవాళ్లు వింగర్లు. బంతి వాళ్ల దాకా వచ్చేసరికి పక్కన టచ్‌లైన్ ఉంటుంది, కాలు గీత తొక్కితే దాడి అక్కడితో సరి. అంత ఇరుకులో ఎదురొచ్చే మనిషిని చేత్తో నెట్టాలా, అడుగు మార్చి తప్పించుకోవాలా, లోపలికి పాస్ ఇవ్వాలా అన్నది రెప్పపాటులో తేల్చుకోవాలి. వుడ్‌మన్‌కు ఈ మూడూ వచ్చు. అందుకే ఆమె ఉన్న వైపు కాపలాకి అవతలి జట్టు ఇంకో మనిషిని జరుపుతుంది. అలా జరిగిన మనిషి వదిలిన ఖాళీలోంచి వేరొకరు ట్రై చేస్తారు. స్కోరుకార్డులో ఆ ట్రై పక్కన వుడ్‌మన్ పేరుండదు.

డిఫెన్స్‌లో ఇంకా కష్టం. ఎదురుగా ఇద్దరు వస్తుంటే వింగర్ ఒక్కతే ఉంటుంది. ముందుకెళ్లి పాస్‌ను అడ్డుకోవాలా, వెనక్కి తగ్గి టైమ్ కొనాలా? ఆమె లోపాలు వెతకదలచినవాళ్లకు అసలైన సరుకు ఇక్కడే దొరుకుతుంది. 2016 రియో ఒలింపిక్స్‌లో సెవెన్స్ (ఏడుగురి రగ్బీ) ఫైనల్‌లో పాస్‌ను కావాలని కింద కొట్టినందుకు ఆమెకు ఎల్లో కార్డు పడింది, అంటే కాసేపు మైదానం బయట కూర్చోవాలి. న్యూజిలాండ్ 17–24తో ఆస్ట్రేలియా చేతిలో ఓడి రజతంతో సరిపెట్టుకుంది. పనేమీ లేని స్థానమైతే అక్కడ చేసిన ఒక్క పొరపాటు అంత ఖరీదు ఎందుకవుతుంది?

సెవెన్స్ గురించి అడిగితే 'అది వేరే ఆట' అని కొట్టిపారేస్తారు. అదే మైదానం, జట్టుకు ఏడుగురే. అంచున నిలబడి బంతి కోసం ఎదురుచూసే వీలు అక్కడ ఎవరికీ ఉండదు. ఆ ఆట ప్రపంచ సిరీస్‌లో 200 ట్రైలు పూర్తిచేసిన తొలి మహిళ ఈమే.

ఇక వారసత్వం. తండ్రి కవేనా, ఆయన సోదరుడు ఫ్రెడ్, ఇద్దరూ ఆల్ బ్లాక్సే, నిజం. కానీ ఆమె మొదట ఆడింది నెట్‌బాల్, అదీ నార్తర్న్ మిస్టిక్స్ లాంటి పెద్ద జట్టుకు. రియోలో రగ్బీ సెవెన్స్ ఒలింపిక్ క్రీడ కాబోతోందని న్యూజిలాండ్ రగ్బీ వేరే ఆటల్లోని అమ్మాయిల కోసం 2012లో గో ఫర్ గోల్డ్ పేరుతో ట్రయల్స్ పెట్టింది. ఆమె వచ్చింది ఆ దారిన. నాన్న నడిచిన దారి కూతురి కోసం ఎవరూ వేసి ఉంచలేదు. బ్లాక్ ఫెర్న్స్‌కు, అంటే న్యూజిలాండ్ మహిళల జట్టుకు, జీతంతో కూడిన కాంట్రాక్టులు ప్రకటించిందే 2018లో, అంటే పైన చెప్పిన 2017 కప్పు గెలిచాక.

2018 చివర్లో మడమ వెనకుండే అకిలిస్ టెండన్ తెగింది. వేగం మీద బతికే వింగర్‌కు అంతకన్నా చెడ్డ గాయం అరుదు. కోలుకునేలోపే తొడ కండరం దెబ్బతింది. పని అయిపోయిందని అప్పట్లో అనుకున్నారంటే అర్థం చేసుకోవచ్చు. ఇప్పటికీ అంటున్నారంటే తర్వాత జరిగింది చూడలేదన్నమాట. టోక్యో ఒలింపిక్స్ సెవెన్స్‌లో ఫ్రాన్స్‌పై 26–12తో స్వర్ణం, పారిస్ ఒలింపిక్స్‌లో కెనడాపై 19–12తో ఇంకో స్వర్ణం. ఈ రెండు జట్లలోనూ ఆమె ఉంది.

2022 ఫైనల్‌లో ఆమె 18వ నిమిషానికే బయటికెళ్లింది. ఇంగ్లండ్ వింగర్ లిడియా థాంప్సన్‌తో తలలు ఢీకొన్నాయి, థాంప్సన్‌కు రెడ్ కార్డు పడింది, ఇంగ్లండ్ గంటకు పైగా 14 మందితో ఆడింది. బెంచ్ నుంచి వచ్చిన అయేషా లెటీ-ఇగా రెండు ట్రైలు చేసింది, న్యూజిలాండ్ 34–31తో గట్టెక్కింది. ఆమె లేకుండా గెలిచారన్నది అక్షరాలా నిజమే. తలకు దెబ్బ తగిలి బయటికెళ్లిన మనిషిని గట్టి మ్యాచ్‌లో కనబడలేదనడం మాత్రం అన్యాయం. రిటైర్మెంట్ వెనక్కి తీసుకుని 2025 ప్రపంచకప్ కూడా ఆడింది, అప్పటికి వయసు 34. అక్కడ సెమీస్‌లో కెనడా చేతిలో 19–34తో ఓడారు. వాదన కొనసాగించాలనుకునేవాళ్లు ఆ మ్యాచ్‌ను జాబితాలో చేర్చుకోవచ్చు.