సవరణ: కాగితం పట్టీ ఎటు పడితే అటు కోయకండి

బట్టలకు రేటు చీటీ తగిలించే ప్లాస్టిక్ పిన్నుకు బదులు క్రాఫ్ట్ కాగితం (ప్యాకింగుకు వాడే గట్టి గోధుమరంగు కాగితం) పట్టీ వాడొచ్చని మొన్న రాశాను. అందులో రెండు తప్పులున్నాయి. "ఎటు కోసినా ఒకటే" అన్నాను. కాదు. నెల్లూరు ట్రంకురోడ్డులో మా బావ కొట్లో, నేను చూస్తుండగానే రెండు చీరల చీటీలు ఊడి కిందపడ్డాయి. పరువు పోయింది. కాగితంలో పీచు ఎక్కువగా ఒకే దిశలో ఉంటుంది. పట్టీ పొడవూ ఆ దిశలోనే రావాలి. చింపి చూడండి, తిన్నగా చిరిగేది పీచు వెంబడి, వంకర్లు పోయేది అడ్డం. పేనితే ఇంకా గట్టి. తడిస్తే మాత్రం ఆగదు, వానాకాలం సరుక్కి నూలుదారమే నయం.

రెండోది, ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులపై 2022 జూలై 1న దేశమంతా వచ్చిన నిషేధంలో ఈ పిన్నులు ఉన్నాయన్నాను. ఆ జాబితాలో ఇయర్‌బడ్ పుల్లలు, స్ట్రాలు, కప్పులు ఉన్నాయి గానీ ఇవి లేవు. బావకి ఈ సంగతి ఇంకా చెప్పలేదు.