రాయి బరువు పెరిగిన వైనం

గోడలున్న లారీని నడిపేవాడికి లోకం కొంత మర్యాద ఇస్తుంది. అతడు తలుపు వేసి తాళం పెట్టుకుంటే లోపల ఉల్లిపాయలున్నాయో, సిమెంటున్నదో ఎవరికీ పట్టదు. ట్రైలరు నడిపేవాడికి ఆ భాగ్యం లేదు. 40 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు, పక్కన గోడ లేదు, పైన కప్పు లేదు. ఇనుప రేకు పరిచిన ఆ బల్ల ఖాళీగా కనిపించిందంటే చాలు, చూసినవారికి దాని మీద ఏదో ఒకటి పెట్టాలనిపిస్తుంది. టెక్కలి చుట్టుపక్కల క్వారీల నుంచి నీలి గ్రానైటు దిమ్మెలను విశాఖ రేవుకూ, ఒక్కోసారి చెన్నై దాకానూ చేరవేయడం నా వృత్తి. తిరుగుదారిలో ఇనుప కడ్డీలో, పైపులో దొరికితే దొరికినట్టు, లేకపోతే ఖాళీ. ఆ ఖాళీలోనే చిక్కంతా ఉంది. పంక్చరైన మోటారు సైకిళ్లు, పెళ్లివారి షామియానా కర్రలు, అమ్మవారి పండగకు నాటకం వేసే కుర్రాళ్లు, అందరూ ఏదో ఒకనాడు ఆ బల్ల ఎక్కినవారే. నాటకం నాడు భీముడి వేషధారి గద తిప్పిన తిప్పుడుకు వెనక లైటు పగిలితే, మా ఓనరుగారు ఆ ఖర్చును నా బత్తాలో కోసి, ఖాతా పుస్తకంలో "భీముడు" అని రాసుకున్నారు.

మాది చిన్న ట్రాన్స్‌పోర్టు. నాలుగు బండ్లు, ఒక మేజా, ఒక ఫోను, ఓనరుగారు. మేనేజరు, గుమాస్తా, టైర్ల మేస్త్రి అన్నీ ఆయనే. పెద్ద కంపెనీలలో ఏ కష్టానికి ఏ విభాగానికి చెప్పుకోవాలో గోడ మీద రాసి ఉంటుందని విన్నాను. మా దగ్గర అన్ని విభాగాలూ ఒకే గొంతుతో, అదీ తెల్లవారుజామున, పలుకుతాయి.

చైత్రమాసంలో ఒక రాత్రి చెన్నై నుంచి ఖాళీగా వచ్చి, కోటబొమ్మాళి దాటాక, మా ఊరి మొగలో బండి ఆపి ఇంటికి పోయి పడుకున్నాను. 16వ నంబరు జాతీయ రహదారి (మా పెద్దవాళ్లకు అది ఇప్పటికీ 5వ నంబరు రోడ్డే) పక్కన ఆ స్థలంలో చెట్టు నీడ లేదు, కోతుల బెడద లేదు, పొద్దున్న లేచిన సూర్యుడు సాయంత్రం దాకా అక్కడే ఉంటాడు. కోతుల సంగతి తప్పిస్తే, డ్రైవరు దృష్టిలో ఇవన్నీ ఆ చోటుకు లోపాలు. మా వీధిలోని పెద్దత్తకు మాత్రం అవి వేరే విధంగా కనిపించాయి. నాలుగు గంటలకే లేచి, ముందురోజు తరిగి ఉప్పూ పసుపూ కలిపి గుడ్డలో మూటకట్టి రాయి కింద పెట్టిన బూడిద గుమ్మడి ముక్కలను, రుబ్బిన మినప్పప్పులో కలుపుకొని, నలుగురు కోడళ్లతో, ఏడు పాత చీరలతో ఆమె బండి దగ్గరకు వచ్చింది. క్యాబిన్‌లో పడుకున్న మా క్లీనరును లేపి అనుమతి కూడా తీసుకుంది. అతడికి నిద్రమత్తులో తలూపినట్టు మాత్రమే గుర్తు.

నేను పళ్లు తోముకుంటూ అక్కడికి చేరేసరికి ట్రైలరు ఈ చివర నుంచి ఆ చివరకు తెల్లబడి ఉంది. చీరలు గాలికి లేవకుండా అంచుల వెంట ఇటుకలు పేర్చారు. కాకుల కోసం మా గొలుసు బిగించే గెడకు నల్ల గుడ్డ కట్టి నిలబెట్టారు. ఆ పనితనాన్ని మెచ్చుకోవలసిందే. క్వారీవాళ్లు కూడా లోడును ఇంత జాగ్రత్తగా సర్దిన రోజు లేదు.

సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. దిమ్మె సిద్ధంగా ఉందని, క్రేను అద్దె గంటల లెక్కన నడుస్తోందని, విశాఖ 200 కిలోమీటర్లలోపే కాబట్టి సరుకు వెంట ఉండాల్సిన ఈ-వే బిల్లుకు వచ్చేది ఒక్క రోజు గడువేనని, ఆ బిల్లు కూడా తీసి ఉంచామని, గంటలో క్వారీలో ఉండాలని ఓనరుగారు ఆజ్ఞాపించారు.

"అత్తా, లోడుకెళ్లాలి. ఇవి ఎత్తించేయాలి," అన్నాను.

"ఎత్తడమేటి బావూ! ఒక్క ఎండైనా తగల్నేదు. ఇప్పుడెత్తితే ముద్దయిపోవా?"

ఆమె మాటలో శాస్త్రం ఉంది. వడియం పైపైన గట్టిపడేదాకా గుడ్డను కదపరాదు. అది గట్టిపడ్డాక గుడ్డను తిరగేసి, అడుగున నీళ్లు చిలకరించి, ఒక్కొక్కటీ ఒలిచి మళ్లీ ఎండబెట్టాలి. పైగా మేడ మీద ఎండ పైనుంచే తగులుతుందట. ఇనుప రేకు మీదైతే కిందనుంచి కూడా కాలుతుంది కాబట్టి సగం రోజులు కలిసివస్తాయట. ఈ సంగతంతా ఓనరుగారికి ఫోనులో విన్నవించాను. కొంతసేపు ఏమీ వినిపించలేదు. ఆ తరువాత ఆయన, "ఏ వడియాలు?" అని అడిగారు. గుమ్మడి వడియాలని చెప్పాను. ఆయన ఫోను పెట్టేశారు.

చివరకు కుదిరిన ఒప్పందం ఏమిటంటే, వడియాలను కదపకుండా బండినే కదపాలి, అత్త క్యాబిన్‌లో కూర్చుని వేగాన్ని పర్యవేక్షించాలి. ఆ విధంగా ఇరవై రెండు చక్రాల ట్రైలరు పట్టపగలు జాతీయ రహదారి ఎడమ అంచున, గడ్డి మోపులతో వెళ్తున్న ట్రాక్టరు వెనకాల, దానిని దాటే సాహసం చేయకుండా టెక్కలి వైపు సాగింది. గుంత కనిపించిన ప్రతిసారీ అత్త "ఓలమ్మో" అనేది. నేను బ్రేకు తొక్కేవాణ్ణి. దాటిపోతున్న బస్సులలోని జనం కిటికీలోంచి తలలు బయటపెట్టి చూశారు. ఒకాయన మోటారు సైకిలు పక్కకు తెచ్చి, కిలో ఎంత అని అడిగాడు. ధర చెప్పడానికి అత్త సిద్ధపడింది గానీ, నేనే గేరు మార్చాను.

క్వారీ కాటా దగ్గర అసలు తగాదా మొదలైంది. లోడు ఎక్కించే ముందు ఖాళీ బండిని తూచాలి. లోడుతో మళ్లీ తూచి, రెండింటి తేడాను రాయి బరువుగా రాసుకోవాలి. వడియాలూ ఇటుకలూ దించి రమ్మని కాటా గుమాస్తాకు చెప్పే తీరిక లేదు, వెనక మూడు బండ్లు హారను కొడుతున్నాయి. అత్తను కనీసం దిగమన్నాడు. క్యాబిన్ మెట్లు ఎక్కడానికే తనకు పావుగంట పట్టిందని, దిగడానికి అంతకు రెట్టింపు పడుతుందని ఆమె తెలియజేసింది. గుమాస్తా నుదురు కొట్టుకుని ఖాళీ బండి చీటీ చేతికిచ్చాడు.

దిమ్మెలు ఎక్కించే చోట మాత్రం ఆమె ఎవరి సాయమూ లేకుండా దిగింది. ఎందుకంటే, చదునుగా కోసి వరుసగా పేర్చిన గ్రానైటు దిమ్మెలు ఎండలో మెరుస్తూ కనిపించాయి. ఒకదాని మీద అరచేయి ఆనించి చూసి, "ఇన్నాళ్లూ సెప్పలేదేటిరా," అని నన్నే కోప్పడింది. ఎనిమిది మంది కూలీలు, పెళ్లికూతురి బుట్ట మోసినంత భయభక్తులతో, ఒక్కొక్క చీరనూ నాలుగు కొసలూ పట్టుకుని దిమ్మెల మీదకు చేర్చారు. అద్దె మీటరు తిరుగుతున్న క్రేను ఊరికే నిలబడి ఇదంతా చూసింది. ఇటుకలూ అక్కడే దిగాయి, అత్త కూడా అక్కడే గొడుగు వేసుకుని ఉండిపోయింది. నేను దిమ్మె ఎక్కించుకుని, గొలుసులు బిగించి, లోడు కాటా వేయించుకుని విశాఖ దారి పట్టాను.

రేవు కాటా దగ్గర రాయి క్వింటాలు ఎక్కువ తూగింది. మామూలుగా దారిలో సరుకు తగ్గడమే ఆనవాయితీ. తగ్గితే షార్టేజీ అని రాయడానికి వాళ్ల కాగితంలో గడి ఉంది. పెరిగితే రాయడానికి గడి లేదు. గోగునార అయితే తేమ తాగిందనవచ్చు. గ్రానైటు ఏమి తాగుతుంది? అక్కడి గుమాస్తా చదువుకున్నవాడు. ఘనమీటరు రాయి దాదాపు 2.7 టన్నులని కాగితం మీద గుణించి, టేపుతో దిమ్మె కొలిచి, కొలతలు సరిపోయాక ఇంకా దిగులుపడ్డాడు. చివరకు ఓనరుగారికి ఫోను కలిపి ఇచ్చాడు. ఈ చివర నుంచి నాకు వినిపించినవి గుమాస్తా మాటలే: "పెద్దత్త అంటే ఎవరండీ? ఇటుకలు కూడానా? తడివా, పొడివా?" తరువాత అతడు పెన్ను మూతతో చాలాసేపు చెవి గోక్కుని, ఖాళీ కాటా మళ్లీ వేయవలెనని రాసి సంతకం పెట్టాడు.

తిరిగి వచ్చాక నా బత్తాలో క్రేను అద్దె కోసేస్తారని నిశ్చయించుకుని, అత్త ఇచ్చిన వడియాల డబ్బాను ముందు జాగ్రత్తగా ఓనరుగారి మేజా మీద పెట్టాను. ఆయన అది చూడనట్టే ఖాతా పుస్తకం తీసి "అత్త" అని రాసి, ఎదురుగా అంకె వేయబోతూ ఆగి, రేపు రమ్మన్నారు. మర్నాడు ఫోను తెల్లవారుజామున కాకుండా తొమ్మిదింటికి వచ్చింది. గొంతు కూడా ఏ విభాగానిదో పోల్చుకోలేకపోయాను. ఆదివారం బండిని మా ఊరు తీసుకువెళ్లవద్దని, గ్రీజు పెట్టించాలి కాబట్టి తన ఇంటి ముందు ఆపమని చెప్పారు. ఆపాను. గ్రీజు డబ్బా ఎక్కడా కనిపించలేదు. ఓనరమ్మగారు మాత్రం చాపలు కడిగించి సిద్ధంగా ఉంచుకుని, మామిడి రసం బిందెలతో నిలబడి ఉన్నారు. ఆవిడ పుట్టిల్లు తాండ్రకు పేరుపడ్డ భీమాళి. తాండ్ర ఒక్క పూటలో అయ్యేది కాదు, ఒక పొర ఆరాక మరో పొర పోసుకుంటూ రోజుల తరబడి ఎండబెట్టాలి. ఆ వారమంతా మా ట్రాన్స్‌పోర్టులో తిరిగినవి మూడు బండ్లే. లోడు కోసం ఎవరు ఫోను చేసినా, నాలుగోది మరమ్మతులో ఉందని ఓనరుగారు నోరూరుతున్న గొంతుతో సమాధానం చెప్పారు.