సమస్యాధారిత అభ్యసనం గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ సమస్యాధారిత అభ్యసనం గారి సముఖానికి, విశాఖపట్నం నుంచి ఒక డిగ్రీ భౌతికశాస్త్ర విద్యార్థి నమస్కరించి రాసుకునే విన్నపం.

ఉభయకుశలోపరి. నిన్న మధ్యాహ్నం మా సెమినారు హాలుకు, సమస్యతోనే పాఠం మొదలుపెట్టే బోధనా పద్ధతిగా పేరుమోసిన తమరు విచ్చేసిన వైభోగం కళ్లారా చూశాక ఈ నాలుగు ముక్కలు రాయకుండా ఉండలేకపోతున్నాను. 1969లో కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో వైద్యవిద్య తొలి బ్యాచ్‌తోనే తమరు కొలువుదీరారనీ, 1990లలో అమెరికాలోని డెలావేర్ విశ్వవిద్యాలయం తమరిని భౌతికశాస్త్ర తరగతుల్లోకీ ఆహ్వానించిందనీ విన్నాం. అక్కడ ముందుగా సమస్యను చిన్న బృందం ఎదుట పెడతారట. తమకేం తెలుసో, ఏం తెలియదో వాళ్లే తేల్చుకొని, తెలియనిది వెతుక్కొని వస్తారట. అధ్యాపకులు జవాబు చెప్పకుండా ఎదురు ప్రశ్నలు వేస్తారట. మా ఊరికి వచ్చేసరికి తమరి నడక ఎందుకు వెనక్కి తిరిగిందో సెలవివ్వాలి.

మాకు అందిన జిరాక్స్ కాగితంపై సమస్య బాగానే ఉంది: ఆర్కే బీచ్‌లో ఇసుక ఎందుకు కోసుకుపోతోంది? దాని కిందే, చుట్టూ గీతలు గీసిన పెట్టెలో, "ఆశించిన సమాధానం". ఆ పక్కనే అలల కాలవ్యవధి, ఎత్తు, ఇసుక వాలు అన్నీ నింపేసిన పట్టిక. ఎవరు కొలిచారు, ఏ రోజు, పోటులోనా పాటులోనా, ఒక్క ముక్క లేదు. మా బృందంలోని జువాలజీ అమ్మాయి, "సార్, బీచ్ దగ్గరే కదా, వెళ్లి కొలుచుకొని వస్తాం" అంటే, "రీడింగులు ఉన్నాయి కదమ్మా, గ్రాఫ్ గీయండి" అన్నారు.

అయ్యా, నాలుగు మీటర్ల లోతులో సెకనుకు సుమారు 6.3 మీటర్ల వేగంతో వచ్చే అల, మీటరు లోతుకు చేరేసరికి సగం వేగానికి పడిపోతుంది. ఏటవాలుగా వచ్చిన అలలో ముందుగా లోతు తక్కువ చోటికి చేరిన కొస ముందే నెమ్మదిస్తుంది, అల వంగేది అందుకే, వంగినా మిగిలిన ఏటవాలే నైరుతి రుతుపవనాల కాలంలో ఇసుకను ఒడ్డు వెంబడి ఈశాన్యానికి తోసుకుపోతుంది. దారిలో పోర్టు అలల అడ్డుగోడలు ఆ ఇసుకను ఆపేస్తాయి కనుకనే, పోర్టు దగ్గర తవ్విన ఇసుకను తెచ్చి బీచ్‌లో పోయవలసి వస్తోంది. భౌతికశాస్త్రం, భూగర్భశాస్త్రం, ఇంజినీరింగు, ప్రజాధనం లెక్కలు ఒకే చోట కలిసే ఇంతటి సమస్యను కాలేజీకి కూతవేటు దూరంలో ఉంచుకొని, మేము ఎవరిదో పట్టికకు గ్రాఫు గీశాం.

బృందానికి పన్నెండు మందిని కుక్కి ఇద్దరి చేత పని చేయించడం, కామర్స్ కుర్రాడికి అట్టపేజీ అప్పగించి దానికి అంతర్విషయ బోధన (పలు సబ్జెక్టులు కలిపి నేర్పడం) అని పేరు పెట్టడం, 2020 జాతీయ విద్యావిధానం పేరుతో బ్యానర్ కట్టి పాఠం మొదలవకముందే ఫొటోలు దిగడం, ఇవన్నీ క్షమించగలను. ఆ పట్టికను మాత్రం క్షమించలేను. కొలవని అలకు గీసిన గ్రాఫుకు పదికి తొమ్మిది మార్కులు వేశారండీ! అంకెలు కల్పించవద్దని ల్యాబ్‌లో మొదటి రోజు చెప్పిన నోటితోనే, అచ్చువేసి మరీ కల్పించిన అంకెలను మా చేతిలో పెట్టారు. దీన్ని అభ్యసనం అనడానికి సిగ్గుండాలి.

వచ్చే సెమిస్టరుకు తమరు దయచేసేటప్పుడు ఆశించిన సమాధానాన్ని ఇంట్లో వదిలి, ఒక కొలత టేపు, ఒక స్టాప్‌వాచ్, మధ్యాహ్నం గేటు దాటడానికి ప్రిన్సిపాల్ గారి అనుమతి పత్రం వెంట తెచ్చుకోవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఆ గ్రాఫు గీసినవారిలో ఒకడు